అరికాలిలో గడ్డతో మేడారం పోయేవాళ్లకు

రెండేళ్లకోసారి మేడారంలో సమ్మక్క సారలమ్మ జాతర. అది ఉన్న ఏడు మాఘమాసం దగ్గర పడిందంటే మా ఇంట్లో బెల్లం లెక్కలు మొదలవుతాయి. ఎవరి నిలువెత్తు బంగారం, అంటే మొక్కు బెల్లం, ఎన్ని కిలోలు, తలనీలాలు ఎవరివి, బండిలో ఎంతమంది పడతారు. వాటితో పాటు నాకు ఇంకో లెక్క ఉంది. బండి దిగినకాడి నుంచి తల్లులను కొలిచే గద్దెల దాకా ఎంత నడక, అందులో చెప్పుల్లేకుండా ఎంత. నా ఎడమ అరికాలి వంపులో ఆరేళ్లుగా గడ్డ ఉంది. శెనగగింజంతగా మొదలై ఇప్పుడు పెద్ద రేగుపండంత అయింది.

మొన్న మా చిన్నమ్మ కూతురు ఫోన్ చేసింది. "అక్కా, నాకు కూడా కాలు కింద గట్టిగా ఏదో తగులుతోంది. మేడారం పోవచ్చా, మానుకోవాలా?" మానుకోనక్కర్లేదని చెప్పాను. కానీ నెల ముందు నుంచే కాలును తయారు చేసుకోవాలి, ముందు అది ఏ గడ్డో తేల్చుకోవాలి. ఆమెకు ఫోన్లో చెప్పినదంతా ఇక్కడ రాస్తున్నాను.

మడమ ఎముక నుంచి కాలివేళ్ల మొదళ్ల దాకా అరికాలి కింద ఒక గట్టి పట్టీ ఉంటుంది. విల్లుకు నారి ఎట్లాగో, కాలి వంపుకు అది అట్లా. డాక్టర్లు దాన్ని ప్లాంటార్ ఫాసియా అంటారు. కొందరిలో ఆ పట్టీలోని కణాలు అవసరానికి మించి నారను అల్లుకుంటూ పోతాయి. అదే గడ్డ. పేరు ప్లాంటార్ ఫైబ్రోమా. ఒకటికి మించి లేచి పట్టీ పొడవునా పాకితే లెడ్డర్‌హోస్ జబ్బు అంటారు. 1890లలో దీని గురించి రాసిన జర్మన్ సర్జన్ పేరే దానికి వచ్చింది. ఇది క్యాన్సర్ కాదు, ఒంట్లో వేరేచోటికి పాకదు. నడివయసు వాళ్లలో ఎక్కువ. కొందరికి రెండు కాళ్లలోనూ వస్తుంది. రక్తసంబంధీకుల్లో కనిపిస్తుంది కాబట్టే చిన్నమ్మ కూతురు మాట నేను తేలిగ్గా తీసుకోలేదు. షుగర్ ఉన్నవాళ్లలో, మూర్ఛకు ఏళ్ల తరబడి మందులు వాడేవాళ్లలో కూడా చూస్తుంటారు. అరచేతిలో ఇలాంటి నారే గట్టిపడి వేళ్లు ముడుచుకుపోయే జబ్బు ఒకటుంది, అది ఉన్నవాళ్లు అరికాలు కూడా తడిమి చూసుకోవాలి.

నాకు తెలిసింది స్నానం చేస్తుండగా. కాలు రాయికి రుద్దుతుంటే వంపులో ఏదో అడ్డం తగిలింది. బొటనవేలితో నొక్కితే పైన చర్మం కదిలింది గానీ లోపలి గట్టిదనం ఉన్నచోటే ఉంది. కాలివేళ్లను పైకి వంచి పట్టుకుంటే పట్టీ బిగుసుకొని గడ్డ ఇంకా ఉబ్బెత్తుగా కనిపించింది. ఇంట్లో చూసుకునే పరీక్ష ఇదే. పొద్దున్నే మంచం దిగి మొదటి అడుగు వేయగానే మడమలో పొడిచినట్టు ఉంటే అది సాధారణంగా వేరే నొప్పి, దానికి గడ్డ ఉండదు. ఆనెకాయ అయితే చర్మమే మొద్దుబారి పైకి గరుకుగా కనిపిస్తుంది. అదీ ఎక్కువగా బరువు పడే చోట, అంటే మడమ మీదో వేళ్ల కిందో వస్తుంది. ఫైబ్రోమా మీద చర్మం మామూలుగానే, నున్నగా ఉంటుంది.

ఈ తేడా అప్పుడు నాకు తెలియదు. మా కాలనీలో మందుల షాపులో అడిగితే ఆనె అని చెప్పి పట్టీ ఇచ్చారు. ఆనెపట్టీలో చర్మాన్ని కరిగించే యాసిడ్ ఉంటుంది. మూడో రోజు పట్టీ తీస్తే చర్మం తెల్లగా నానిపోయి ఊడివచ్చింది, కింద ఎర్రటి పచ్చిపుండు. గడ్డ మాత్రం చెక్కుచెదరలేదు. పది రోజులు కుంటుకుంటూ బడికి పోయాను. అందుకే గట్టిగా చెబుతున్నాను, నున్నటి చర్మం కింద ఉన్న గడ్డకు ఆనెపట్టీ వేయొద్దు. బ్లేడుతో చెక్కొద్దు. జిల్లేడు పాలు పోయొద్దు. షుగర్ ఉన్నవాళ్లకైతే ఆ చిన్న పుండే కాలు మీదికి తెస్తుంది.

అరికాలి గడ్డలన్నీ ఫైబ్రోమాలు కావు. నాట్లప్పుడో పత్తి ఏరేటప్పుడో ముల్లు గుచ్చుకొని, కొస లోపలే ఉండిపోతే దాని చుట్టూ గడ్డ కట్టొచ్చు. ముల్లుతో పాటు పైచర్మం లోపలికి పోయి తిత్తిలా పెరగొచ్చు. చెప్పుల్లేకుండా పొలం పని చేసేవాళ్లలో ఇంకొకటుంది, మైసిటోమా. పాదం మెల్లగా వాచి, చిన్న చిన్న రంధ్రాలు పడి, చీములో నల్లటివో తెల్లటివో రవ్వలాంటి గింజలు వస్తాయి. నొప్పి పెద్దగా ఉండదు కాబట్టి ఏళ్ల తరబడి పట్టించుకోరు, ఈలోగా అది ఎముకలోకి పోతుంది. గింజలు కనిపిస్తే జాతర సంగతి తర్వాత, ముందు ఆస్పత్రి.

గడ్డ వారాల్లోనే గబగబా పెరుగుతున్నా, రాత్రి పడుకున్నప్పుడు కూడా నొప్పి పెడుతున్నా, మీది చర్మం రంగు మారినా, పుండుపడినా, వేళ్లు తిమ్మిరెక్కుతున్నా ఆగొద్దు. అరుదే అయినా పాదంలో చెడ్డ గడ్డలు కూడా వస్తాయి, మొదట్లో అవి కూడా ఇట్లాగే అమాయకంగా కనిపిస్తాయి. వరంగల్ ఎంజీఎం ఆస్పత్రిలో ఎముకల డాక్టర్ల ఓపీ ఉంది. చాలాసార్లు చేత్తో చూసి, ఒక అల్ట్రాసౌండ్ తీస్తే సరిపోతుంది. అనుమానం ఉంటేనే ఎంఆర్ఐ, ముక్క పరీక్ష. ఈ పని జాతరకు నెల ముందు పూర్తి కావాలి. జాతర వారంలో ఊరంతా అటే కదులుతుంది, డాక్టర్లు కూడా మేడారం క్యాంపులకు పోతారు.

స్కాన్ రిపోర్టు చేతికి రాగానే అందరూ అడిగే మాట, "మరి కోసి తీసేయరాదా?" నేను కూడా అదే అడిగాను. గడ్డ వరకే కోసి తీస్తే సగానికి పైగా మందికి మళ్లీ వస్తుంది, ఒక్కోసారి ముందుకన్నా మొండిగా. తిరగబెట్టకుండా ఉండాలంటే చుట్టూ ఉన్న పట్టీని కూడా చాలామేర తీయాలి. కోత అరికాల్లో కాబట్టి వారాల తరబడి కాలు కింద మోపనివ్వరు. నరం తెగితే తిమ్మిరి మిగులుతుంది, మచ్చే గట్టిపడి నొప్పి పెడుతుంది. నడవలేని స్థితి వచ్చి, మిగతావన్నీ చేసి చూశాకే ఆపరేషన్ మాట. జాతరకు ముందు మాత్రం అసలే వద్దు.

స్టెరాయిడ్ ఇంజెక్షన్‌తో కొందరికి గడ్డ మెత్తబడి నొప్పి తగ్గుతుంది. కానీ పదేపదే వేయించుకుంటే మడమ కింది కొవ్వు అరిగిపోవచ్చు, పట్టీ బలహీనపడి చిట్లొచ్చు. నొప్పి తెలియట్లేదు కదా అని ఇంజెక్షన్ తీసుకున్న వారంలోనే కిలోమీటర్లు నడిస్తే ఆ ప్రమాదం ఇంకా పెరుగుతుంది. డాక్టర్ వేస్తానంటే "నేను ఫలానా తారీఖున మేడారం పోతున్నా" అని ముందే చెప్పండి. గడ్డ పెరుగుతూ నొప్పి పెట్టే దశలో తక్కువ మోతాదు రేడియేషన్ ఇచ్చే పద్ధతి కూడా ఉంది. నెదర్లాండ్స్‌లో జరిపిన ఒక పరీక్షలో అది తీసుకున్నవాళ్లకు ఏడాది తర్వాత నొప్పి తక్కువగా ఉంది. క్యాన్సర్ కాని గడ్డకు రేడియేషనా అని భయపడతారు, నిజమే, వయసు చూసి, మంచిచెడ్డలు పెద్ద ఆస్పత్రిలో మాట్లాడుకొని తేల్చుకోవాల్సిన సంగతి అది. నొప్పి లేని గడ్డకు ఏ వైద్యమూ అక్కర్లేదు, కనిపెట్టుకొని ఉంటే చాలు.

నన్ను నిజంగా నడిపించింది చెప్పులో చిన్న గుంట. ఆ పని ఎట్లా చేయాలో చెబుతాను. బూటులో వేసుకునే మెత్తటి ఫోమ్ సోల్ ఒక జత కొనండి, అర అంగుళానికి కాస్త తక్కువ మందం ఉండాలి. కుంకుమను నాలుగు చుక్కల కొబ్బరినూనెతో కలిపి, గడ్డ మీద సరిగ్గా దాని సైజులో బొట్టు పెట్టండి. సోల్‌ను నేల మీద పరచి, కుర్చీలో నుంచి లేచి నిలబడ్డట్టు పూర్తి బరువుతో ఒక్క అడుగు వేసి కాలు తీయండి. ఎర్రటి ముద్ర పడుతుంది. ముద్ర కన్నా కొంచెం పెద్దగా, గీత గీసి కత్తెరతో కోసేయండి. అంచులు నిటారుగా ఉంటే ఒరుసుకుంటాయి, వాటిని గరుకు కాగితంతో వాలుగా రుద్దండి. ఇప్పుడు బరువంతా చుట్టుపక్కల పడుతుంది, గడ్డ గుంటలో కూర్చుంటుంది. నేను మొదటిసారి ముద్ర చూడకుండా అంచనాగా కోశాను, గుంట అంచు సరిగ్గా గడ్డ మీదికే వచ్చి రెట్టింపు నొప్పి పెట్టింది. షుగర్ వాళ్లకు అమ్మే ఎంసీఆర్ (మెత్తటి రబ్బరు) చెప్పులు కూడా మంచివే. మడమ చుట్టూ పట్టీ ఉన్నవి తీసుకోండి, హవాయి చెప్పులు జారకుండా వేళ్లతో బిగబట్టాల్సి వస్తుంది, ఆ బిగువంతా అరికాలి లోపలి పట్టీ మీదే పడుతుంది.

కొత్త చెప్పులు, కొత్త సోల్ జాతర రోజే వేసుకోవద్దు. మూడు వారాల ముందు నుంచి ఇంట్లో, బడిలో, బజారులో వాడండి. ఈ మూడు వారాలు పిక్కల కండరాలు సాగదీయాలి. గోడకు చేతులు ఆనించి, ఒక కాలు వెనక్కి పెట్టి, మడమ లేవకుండా ముప్పై సెకన్లు, కాలికి మూడేసి సార్లు. గడ్డను బొటనవేలితో గట్టిగా పిసికితే కరుగుతుందని కొందరంటారు, కరగదు, వాపు మిగులుతుంది.

ఇక ప్రయాణం. వీలైతే జాతర నాలుగు రోజులూ వదిలి, నెల ముందు నుంచి జనం వెళ్లే ముందస్తు మొక్కుల రోజుల్లో పోండి. అప్పుడు బండి గద్దెలకు దగ్గరగా పోతుంది. గురువారం చిలుకలగుట్ట నుంచి సమ్మక్క తల్లి వచ్చేటప్పుడు అక్కడే ఉండాలన్న ఆశ నాకు తెలుసు, ఆ డోలు చప్పుడు ఒక్కసారి విన్నవాళ్లకు ఇంట్లో మనసు నిలవదు. ఆ రోజే పోవాలనుకుంటే సొంతబండి వద్దు. ప్రైవేటు బండ్లను దూరంగా పార్కింగుల్లో ఆపేస్తారు, అక్కడి నుంచి నడకే. హనుమకొండలో ఆర్టీసీ బస్సెక్కితే లోపలి బస్టాండు దాకా తీసుకుపోతుంది.

బెల్లం నెత్తిన మీరు మోయొద్దు. ఒంటి మీద పెరిగే ప్రతి కిలో అరికాలికే పోతుంది. ఇంట్లో పిల్లలకు ఇవ్వండి, మొక్కు మీదే ఉంటుంది. నేలమీద కూర్చొని లేచేటప్పుడు కూడా వేళ్ల మీద బరువు వేయకుండా పక్కవాళ్ల చెయ్యి పట్టుకోండి.

జాతరలో స్నానాలు చేసే జంపన్నవాగులోకి చెప్పులు విప్పకుండానే దిగండి. ఇసుకలో సీసాపెంకులు, బ్లేడు ముక్కలు ఉంటాయి, వాగులో గుండ్రాళ్లు సరిగ్గా వంపులోనే గుచ్చుకుంటాయి. తడిసినా పాడుకాని పాత చెప్పుల జత ఒకటి దీనికోసమే పెట్టుకోవాలి. మధ్యాహ్నం ఇసుక కాలుతుంది, షుగర్‌తో స్పర్శ తగ్గినవాళ్లకు కాలినట్టు కూడా తెలియదు. వాళ్లు పొద్దుటి స్నానమే చేయాలి.

గద్దెల దగ్గర చెప్పులు విప్పక తప్పదు. అక్కడికి నేను చేసుకునే ఏర్పాటు, మందుల షాపులో దొరికే మందపాటి ఫెల్ట్ ముక్కను వడలాగా నడుమ చిల్లుతో కోసి, గడ్డ చిల్లులోకి వచ్చేటట్టు కాగితం ప్లాస్టరుతో అంటించుకోవడం. బెల్లం తడికి ప్లాస్టరు జారుతుంది కాబట్టి ఇంకో జత సంచిలో ఉండాలి. కొబ్బరిచిప్పల మీద కాలు పడకుండా కిందికి చూస్తూ నడవండి. తోపులాటలో ముందుకు ఎగబాకేవాళ్ల మధ్య కాకుండా బారికేడు పక్కనే ఉంటే చేత్తో పట్టుకొని బరువు తగ్గించుకోవచ్చు.

నొప్పికి పారాసిటమాల్ గోలీ వెంట ఉంచుకోండి. కానీ ఇంకా నడవడం కోసం దాన్ని వేసుకోవద్దు, కూర్చున్నాక వేసుకోండి. ఇంకా బలమైన నొప్పి సూదులు బీపీ, కిడ్నీ, కడుపులో పుండు ఉన్నవాళ్లకు మంచివి కావు, దారిలో ఎవరో వేస్తామన్నా ఒప్పుకోవద్దు.

ఇంటికి రాగానే గోరువెచ్చటి నీళ్లతో బెల్లం జిడ్డు కడిగి, వేళ్ల సందుల్లో తుడిచి, అరికాలు అద్దంలో చూసుకోవాలి. గడ్డ కాస్త ఉబ్బి ఉంటే గుడ్డలో చుట్టిన ఐసు పది నిమిషాలు, రోజుకు రెండు మూడు సార్లు. రెండు వారాలైనా నొప్పి దిగకపోతే, నడిచేటప్పుడు వంపులో ఫట్‌మని చప్పుడై వాచినా, మళ్లీ స్కాన్ తీయించండి. చిన్నమ్మ కూతురికి ఈ సోమవారమే ఓపీకి పొమ్మని చెప్పాను. కుంకుమ ముద్ర పడిన నా మొదటి సోల్ పాతదొకటి ఇంట్లో ఉంది, ఎట్లా కోయాలో చూసుకొమ్మని దాన్ని తమ్ముడి చేత పంపించాను.