లింక్ కమీషన్‌తో సాయం: డబ్బు ఎక్కడ ఆగిపోతోంది?

ఆన్‌లైన్ షాపు కమీషన్ ప్రోగ్రాంలో చేరితే వస్తువులకు మన పేరున లింకులు దొరుకుతాయి. మన లింక్ నొక్కి ఎవరైనా వస్తువు కొంటే షాపు మనకు కమీషన్ ఇస్తుంది. కొన్నవాళ్ళకు ధర పెరగదు. ఆ కమీషన్‌ను బడికో వృద్ధాశ్రమానికో ఇవ్వాలని మొదలుపెట్టినవాళ్ళు చాలామందే ఉన్నారు. మేం ముగ్గురం స్నేహితులం ఒక సర్కారు బడి లైబ్రరీ కోసం ఇదే చేస్తున్నాం. ఈ దారిలో తరచూ ఎదురయ్యే చిక్కులు ఇవి.

సమస్య: అకౌంట్ మూసేశారు, రావాల్సిన కమీషన్ కూడా రద్దు చేశారు.

అన్నిటికన్నా బాధ పెట్టేది ఇదే, ఎందుకంటే మంచి మనసుతో రాసిన మాటే దీనికి కారణమవుతుంది. "ఈ లింక్‌తో కొనండి, వచ్చిన డబ్బు అనాథ పిల్లలకు ఇస్తాం" అని రాస్తాం. అమెజాన్ అసోసియేట్స్ (అమెజాన్ లింక్ కమీషన్ ప్రోగ్రాం) నిబంధనల ప్రకారం లింక్ వాడినందుకు ప్రతిఫలంగా డబ్బు, డిస్కౌంట్, పాయింట్లు ఇస్తామనకూడదు. సేవా సంస్థకు విరాళం ఇస్తామని చెప్పడం కూడా ఆ నిషేధంలోకే వస్తుంది. మన లింక్‌తో మనమే కొనుక్కోవడమూ కుదరదు.

పరిష్కారం: కమీషన్‌ను, విరాళాన్ని రెండు వేర్వేరు పనులుగా చూడండి. లింక్ పక్కన ఆ వస్తువు ఎందుకు బాగుందో మాత్రమే రాయండి, కమీషన్ వస్తుందన్న సంగతి స్పష్టంగా చెప్పండి. డబ్బు మీ బ్యాంకులో పడ్డాక మీ సొంత సొమ్ములా విరాళం ఇవ్వండి. సేవ పేరు చెప్పే అమ్మాలనుకుంటే, అందుకు ఒప్పుకునే ప్రోగ్రాం వెతికి ముందే రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. "మంచి పనికే కదా, ఏమంటారులే" అనుకుని ముందుకెళ్ళొద్దు. నష్టపోయేది ఆ పిల్లలే.

సమస్య: వందల క్లిక్కులు ఉన్నాయి, కమీషన్ మాత్రం సున్నా.

లింక్ నొక్కాక 24 గంటల్లో ఆ వస్తువు కార్ట్‌లో పడకపోతే అమెజాన్‌లో ఆ క్లిక్ లెక్కలోకి రాదు. మనవాళ్ళు లింక్ చూసి, ఇంట్లో అడిగి, జీతం పడ్డాక కొంటారు. అప్పటికి గడువు దాటిపోతుంది. ఇంకో కారణం, ఎవరో యాప్‌లోంచి అదే వస్తువు లింక్‌ను మళ్ళీ కాపీ చేసి పంపడం. అందులో మన ట్యాగ్ (కమీషన్ ఎవరికి వెళ్ళాలో చెప్పే గుర్తు) ఉండదు. కూపన్లు వెతికిపెట్టే బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్లు చివరి నిమిషంలో తమ ట్యాగ్ పెట్టుకోవడమూ ఉంది.

కొనే రోజున మళ్ళీ లింక్ నొక్కమని మీ లింకులు చూసేవాళ్ళకు చెప్పండి. మీరు పెట్టిన లింక్‌ను ఒకసారి తెరిచి అడ్రస్‌లో మీ ట్యాగ్ ఉందో లేదో చూసుకోండి. వాట్సాప్ గ్రూపుల్లోనూ ఈమెయిల్‌లోనూ లింకులు పెట్టొచ్చా అన్నది మాత్రం నిబంధనలు చదివాకే తేల్చుకోండి.

సమస్య: డాష్‌బోర్డ్‌లో (కమీషన్ లెక్క చూపే పేజీలో) కనిపించినంత చేతికి రాలేదు.

దసరా సేల్ రోజుల్లో మా డాష్‌బోర్డ్‌లో అంకె చూసి, రెండు బీరువాలు కొనిస్తామని హెడ్‌మాస్టర్ గారికి మాటిచ్చేశాం. తర్వాత కొందరు వస్తువులు వెనక్కి పంపారు, ఆ మేరకు కమీషన్ తగ్గింది. ఒక బీరువాకే సరిపోయింది. రెండోదానికి ముగ్గురం చేతి డబ్బు వేసుకున్నాం. పిల్లలు ఎదురుచూస్తున్నారు కాబట్టి అది భారం అనిపించలేదు కానీ, తొందరపడి మాటివ్వడం మా తప్పే.

ఆలస్యమూ మామూలే. అమెజాన్‌లో నెల ముగిశాక దాదాపు 60 రోజులకు డబ్బు వస్తుంది. పైగా కమీషన్ మొత్తం ఏడాదిలో 20,000 రూపాయలు దాటితే టీడీఎస్ (ముందే కోసుకునే ఆదాయపు పన్ను) పట్టుకుంటారు. 2024 అక్టోబర్ నుంచి ఇది 2 శాతం. పాన్ ఇవ్వకపోతే 20 శాతం పోతుంది. అందుకే బ్యాంకులో పడ్డ డబ్బుకే మాటివ్వండి. కోసిన టీడీఎస్‌ను మాత్రం వదిలేయకండి, రిటర్న్ వేసేటప్పుడు లెక్కలోకి వస్తుంది.

సమస్య: అమెరికాలో ఉన్న మనవాళ్ళు వాడే స్మైల్ లింక్ పనిచేయడం లేదు.

అమెజాన్‌స్మైల్‌ను 2023 ఫిబ్రవరి 20న ఆపేశారు. అర్హత ఉన్న కొనుగోళ్ళలో అర శాతం కొన్నవాళ్ళు ఎంచుకున్న సంస్థకు వెళ్ళేది. అంటే 100 డాలర్లకు 50 సెంట్లు. పాత లింకులు తీసేయండి. దాని బదులు నెలకు 5 డాలర్లు నేరుగా ఇస్తే, స్మైల్‌లో 1,000 డాలర్ల కొనుగోళ్ళతో వచ్చేంత సాయం అవుతుంది. మీరు పనిచేసే కంపెనీలో మ్యాచింగ్ (మీరిచ్చిన విరాళానికి కంపెనీ కూడా తన వంతు కలపడం) ఉందేమో కూడా అడగండి.

సమస్య: "నేను మీ లింక్‌తో కొన్నాను, 80జీ రసీదు ఇవ్వండి" అంటున్నారు.

80జీ రసీదు అంటే విరాళానికి ఆదాయపు పన్ను మినహాయింపు కోసం చూపే కాగితం. కొన్నవాళ్ళు విరాళం ఇవ్వలేదు, వస్తువు కొన్నారు. కమీషన్ మీ ఆదాయం, దాని మీద పన్ను బాధ్యత మీదే. సంస్థకు మీరు పంపినప్పుడు రసీదు మీ పేరునే వస్తుంది. అదీ 80జీ గుర్తింపు ఉన్న సంస్థయితేనే, మీరు పాత పన్ను విధానంలో ఉంటేనే ఉపయోగం. 2,000 రూపాయలు మించిన నగదు విరాళానికి మినహాయింపు రాదు, కాబట్టి బ్యాంకు ద్వారానే పంపండి.

ట్రస్టే తన పేరున లింకులు పెట్టి కమీషన్ తీసుకుంటే అది విరాళం కాదు, వ్యాపార ఆదాయం. దానికి వేరే ఖాతా పుస్తకాలు రాయాలి. మొదటి లింక్ పెట్టకముందే ఆడిటర్‌తో మాట్లాడండి. ఏడాది చివర్లో వెళ్తే ఆయన కూడా పాత లెక్కలు విడదీయలేక ఇబ్బంది పడతారు.