హెలికాప్టర్ మోడల్: పుట్టీ పెట్టే ముందు లోపల చూడండి

1:72 సైజు (అసలుదానిలో 72వ వంతు) ఎంఐ-17 హెలికాప్టర్ లాంటి ప్లాస్టిక్ కిట్ కడుతున్నవాళ్ళకి ఒక మాట. బాడీ రెండు సగాలూ కలవట్లేదని వెంటనే సందులు పూడ్చే పుట్టీ అందుకోకండి. చాలాసార్లు తేడా అతుకులో ఉండదు, లోపలి క్యాబిన్ ఫ్లోర్ అంచులో ఉంటుంది. జిగురు లేకుండా మాస్కింగ్ టేపుతో బిగించి చూడండి. ఫ్లోర్ తీసేస్తే సగాలు చక్కగా మూసుకుంటున్నాయా? అయితే దొంగ దొరికినట్టే. 400 నంబరు వాటర్ పేపరుతో ఆ అంచుని కొద్దికొద్దిగా అరగదీస్తూ, మళ్ళీ మళ్ళీ పెట్టి చూసుకోండి. విసుగే గానీ వేరే దారి లేదు.

ముందువైపు అద్దాల దగ్గర మాత్రం సూపర్ గ్లూ వద్దు. మన కోనసీమ తేమ సంగతి తెలిసిందేగా, ముసురు పట్టిందంటే వేయించిన అప్పడం ఇట్టే మెత్తబడిపోద్ది. ఆ తేమలో గ్లూ ఆవిరి అద్దం మీద తెల్లగా పేరుకుంటుంది, ఉత్త గుడ్డతో తుడిస్తే పోదు. తెల్ల ఫెవికాల్ మేలు. పుల్లమొనతో సందులో నింపి, పైన తడి ఇయర్ బడ్‌తో తుడిచేయండి. ఆరాక తెలుపు పోతుంది.

మిగిలిన సన్న గాడులకి, కిట్ ఫ్రేము (భాగాలు అంటుకుని వచ్చే ప్లాస్టిక్ చట్రం) ముక్కలు లిక్విడ్ సిమెంటులో, అంటే ప్లాస్టిక్ మోడళ్ళ జిగురులో, కరిగించిన ముద్ద చాలు. ఆరితే కుంగుతుంది, కాస్త ఎత్తుగానే పెట్టండి. మర్నాటిదాకా సానపట్టకండి.