ఉపగ్రహం చెప్పే మెసోస్ఫియర్ ఉష్ణోగ్రతను నేల మీది లైడార్‌తో సరిచూడటం ఎలా?

నేలకు 50 నుంచి 100 కిలోమీటర్ల ఎత్తులో, అంటే మెసోస్ఫియర్ పరిసరాల్లో, గాలి ఎంత చల్లగా ఉందో కొలవడం కష్టమైన పని. వాతావరణ బెలూన్లు 30–35 కిలోమీటర్ల దగ్గరే పగిలిపోతాయి, ఉపగ్రహాలేమో అంత కిందికి దిగి తిరగలేవు. అందుకే దూరం నుంచే కొలవాలి. నాసా 2001 డిసెంబరులో పంపిన టైమ్డ్ ఉపగ్రహంలో సేబర్ అనే పరికరం ఉంది, గాలిలోని కార్బన్ డయాక్సైడ్ నుంచి వచ్చే 15 మైక్రోమీటర్ల ఇన్‌ఫ్రారెడ్ కాంతిని పక్కవాటుగా చూసి అది ఉష్ణోగ్రతను లెక్కకడుతుంది. ఆ లెక్కను కింద నుంచి పరీక్షించగల పరికరాల్లో ఒకటి మన తిరుపతి దగ్గర గాదంకిలో, జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాలలో 1998లో మొదలైన రేలీ లైడార్, అంటే లేజర్ కాంతిని పైకి పంపి వెనక్కి వచ్చినదాన్ని కొలిచే పరికరం. ఈ రెండింటినే ఉదాహరణగా తీసుకుని చెబుతాను.

ఒక మాట ముందే అనుకుందాం. రెండు అంకెలూ కలవకపోతే ఉపగ్రహం తప్పని వెంటనే తేల్చేయకండి. అసలు రెండూ ఒకే గాలిని చూశాయా అన్నది మొదటి ప్రశ్న, శ్రమంతా అక్కడే ఉంది.

మొదట, లైడార్ ఏం కొలుస్తుందో తెలుసుకోండి. 532 నానోమీటర్ల ఆకుపచ్చ లేజర్‌ను నిట్టనిలువుగా పైకి పంపిస్తే, గాలి అణువులు చెదరగొట్టిన కాంతిలో కొంచెం వెనక్కి వస్తుంది, టెలిస్కోప్ ఆ ఫోటాన్లను ఎత్తులవారీగా లెక్కపెడుతుంది. ఫోటాన్ల సంఖ్య నుంచి సాంద్రత, సాంద్రత నుంచి పీడనం, ఆ రెండింటి నుంచి ఉష్ణోగ్రత. అంటే లైడార్‌కు ఉష్ణోగ్రత నేరుగా కనబడదు. పైగా లెక్క పైనుంచి కిందికి సాగుతుంది కాబట్టి అన్నింటికంటే పై ఎత్తులో ఒక ఆరంభ విలువ ఇవ్వాలి, దాన్ని మామూలుగా ఒక వాతావరణ మోడల్ నుంచి తీసుకుంటారు. ఆ విలువలో తప్పుంటే పై భాగమంతా చెడుతుంది, కిందికి వచ్చేకొద్దీ ఆ ప్రభావం తగ్గిపోతుంది. అందుకే ప్రొఫైల్‌లో, అంటే ఎత్తులవారీ ఉష్ణోగ్రతల వరుసలో, పై పది పన్నెండు కిలోమీటర్లను పోలికలోకి తీసుకోకండి. ఆ ఆరంభ విలువను సేబర్ నుంచి మాత్రం అస్సలు తీసుకోవద్దు. తీసుకుంటే పైన రెండూ చక్కగా కలిసినట్టు కనబడతాయి, కానీ అక్కడ మీరు సేబర్‌ను సేబర్‌తోనే పోలుస్తున్నారు. ఇక 30 కిలోమీటర్ల కింద దుమ్ము, ధూళి కణాలు కూడా కాంతిని చెదరగొడతాయి కాబట్టి ఆ భాగాన్నీ వదిలేయాలి.

తర్వాత దగ్గరి చోట, దగ్గరి వేళ తీసిన సేబర్, లైడార్ కొలతలకు జత కుదర్చాలి. సేబర్ ఫైళ్లు ఎవరికైనా ఉచితంగా దొరుకుతాయి, లైడార్ డేటాకైతే దాన్ని నడిపే సంస్థను అడగాలి. గాదంకి ఉన్నది దాదాపు 13.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 79.2 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర. దానికి అటూఇటూ 5 డిగ్రీల అక్షాంశం, 10 డిగ్రీల రేఖాంశం లోపు పడిన ప్రొఫైళ్లను ఏరండి. ఇక్కడ ఒక చిక్కుంది. ఒక్క ప్రొఫైల్ పూర్తయ్యేలోగా ఉపగ్రహం వందల కిలోమీటర్లు ముందుకు పోతుంది కాబట్టి 40 కిలోమీటర్ల ఎత్తులోని కొలత ఒక చోటిది, 80 కిలోమీటర్లది ఇంకో చోటిది. ఫైల్లో ప్రతి ఎత్తుకూ విడిగా అక్షాంశ రేఖాంశాలు ఉంటాయి, మీకు కావలసిన ఎత్తు దగ్గరివే చూడండి.

సమయం విషయంలో ఇంకా పట్టుదలగా ఉండాలి. ఉష్ణమండలంలో సూర్యుడి వేడివల్ల పుట్టే టైడ్స్ అనే పెద్ద అలలు పై వాతావరణాన్ని కొన్ని గంటల్లోనే మార్చేస్తాయి, అందుకని ఉపగ్రహం దాటిన సమయానికి గంట ముందూ గంట వెనకా ఉన్న లైడార్ డేటాను మాత్రమే సగటు చేయడం మంచిది. రాత్రంతటి సగటు చూడ్డానికి నున్నగా ఉంటుంది, కానీ అందులో ఆ క్షణపు అలలన్నీ చెరిగిపోతాయి. తేదీలు కూడా జాగ్రత్త: రాత్రి 8 నుంచి తెల్లవారుజాము 4 దాకా నడిచిన లైడార్ రికార్డు మన లెక్కలో రెండు తేదీల మీద పడుతుంది, సేబర్ వాడే యూనివర్సల్ టైమ్‌లో అదే 14:30 నుంచి 22:30, ఒకే తేదీ. ఫైలు పేరు మీది తేదీని నమ్మి జత కడితే ఒక రోజు తేడాతో పోల్చేస్తారు.

ఎత్తులూ సరిచూడండి. ఒకటి జామితీయ ఎత్తు (మామూలు కొలత దూరం), ఇంకొకటి జియోపొటెన్షియల్ ఎత్తు (పైకి పోయేకొద్దీ గురుత్వాకర్షణ తగ్గడాన్ని లెక్కలోకి తీసుకున్నది) అయితే 80 కిలోమీటర్ల దగ్గర దాదాపు ఒక కిలోమీటరు తేడా వస్తుంది. లైడార్ ఇచ్చేది తన నుంచి దూరం, దానికి ఆ స్థలం సముద్రమట్టానికి ఎంత ఎత్తులో ఉందో అదీ కలపాలి. లైడార్ 300 మీటర్ల సన్న వివరం చూపిస్తే సేబర్ చూపేది సుమారు 2 కిలోమీటర్ల మేర సగటు, అడ్డంగానైతే వందల కిలోమీటర్లది. కాబట్టి లైడార్ ప్రొఫైల్‌ను కూడా 2 కిలోమీటర్ల సగటుకు సర్దాకే తీసివేత చేయండి.

ఇప్పుడు సేబర్ మైనస్ లైడార్. ఒక్క రాత్రి తేడా ఏమీ చెప్పదు, చాలా జతలు కావాలి. ప్రతి ఎత్తు దగ్గరా సగటు తేడా, అది జత జతకూ ఎంత మారుతోందో, రెండు పరికరాల పొరపాట్ల అంచనా పక్కపక్కన పెట్టి చూడండి. తేడా ఎప్పుడూ ఒకే గుర్తుతో, పొరపాట్ల అంచనాను దాటి వస్తుంటే అప్పుడు నిజంగా ఏదో ఉంది. 40 కిలోమీటర్ల లోపల తేడా ఉంటే ముందు లైడార్‌ను అనుమానించండి, దగ్గరి కాంతి ఎక్కువై డిటెక్టర్ లెక్క తప్పుతుంది. 75 కిలోమీటర్ల పైన ఇద్దరినీ అనుమానించాలి. అక్కడ లైడార్‌కు ఫోటాన్లు చాలవు, సేబర్‌కేమో గాలి పలచబడి అణువుల ఢీకొనడం తగ్గిపోవడంతో కాంతి నుంచి ఉష్ణోగ్రతకు వెళ్లే లెక్క చిక్కుపడుతుంది.

70–85 కిలోమీటర్ల మధ్య ఒక్కోసారి ఎత్తుతోపాటు ఉష్ణోగ్రత తగ్గకుండా పెరుగుతుంది. దీన్ని చూసి టెన్షన్ పడి ఆ రాత్రిని చెత్త కింద తీసేయకండి, అది మెసోస్ఫియర్‌లో నిజంగా వచ్చే ఇన్వర్షన్. కొన్ని పదుల కెల్విన్ల దాకా పెరగొచ్చు.

లైడార్ మబ్బులేని రాత్రుల్లోనే పనిచేస్తుంది, అందుకే నైరుతి రుతుపవనాల నెలల్లో గాదంకి డేటా పలచగా ఉంటుంది. మీ ఫలితం ఎక్కువగా చలికాలందే అవుతుంది. గ్రాఫ్ కింద ఏ నెలలో ఎన్ని జతలు దొరికాయో, దూరానికీ సమయానికీ ఏ హద్దులు పెట్టుకున్నారో రాయండి. ఆ హద్దుల్ని సగం చేసి అదే లెక్క ఇంకోసారి నడపండి, తేడా కూడా తగ్గిపోతే అందులో చాలా భాగం చోటూ వేళా కలవకపోవడం వల్ల వచ్చిందే.