టోక్యో వంటింట్లోంచి మినీ ఎఫ్‌ఎం

ముందే చెప్తున్నా, మినీ ఎఫ్‌ఎం అంటే ఇంట్లోంచే నడిపే బుల్లి ఎఫ్‌ఎం స్టేషన్, ఊరంతా వినిపించే రేడియో కాదు. ఇప్పటి జపాన్ రూలు ప్రకారం లైసెన్స్ లేకుండా చేయాలంటే, 3 మీటర్ల దూరంలో సిగ్నల్ బలం మీటరుకి 500 మైక్రోవోల్టులు దాటకూడదు. అంటే మహా అయితే పక్కవాళ్ల బాల్కనీ దాకా.

1980ల్లో ఇంకాస్త వెసులుబాటు ఉండేది. బలహీనమైన సిగ్నల్‌కి లైసెన్స్ అక్కర్లేదన్న చట్టంలోని సందు పట్టుకునే మీడియా మేధావి తెత్సువో కొగావా, ఆయన విద్యార్థులు 1983లో టోక్యోలోని షిమొకితజవా పేటలో రేడియో హోమ్ రన్ అనే మినీ ఎఫ్‌ఎం స్టేషన్ మొదలుపెట్టారు. సిగ్నల్ అర కిలోమీటరు. అయినా టోక్యోలో అంత చుట్టులో పది వేల మంది ఉంటారు. వినేవాళ్లు నడిచొచ్చి మైకు ముందు కూర్చునేవాళ్లు. నాకు నచ్చింది అదే.

సరే, పనిలోకి దిగుదాం. టోక్యోలో ఎలక్ట్రానిక్ సామాన్లు దొరికే అకిహబారాలో ఒక ట్రాన్సిస్టర్, నాలుగైదు కెపాసిటర్లు, రెసిస్టర్లు, ఒక ట్రిమ్మర్ (తిప్పి సర్దుకునే కెపాసిటర్), రాగి పూత ఉన్న బోర్డు ముక్క, 9 వోల్టుల బ్యాటరీ తెచ్చుకోండి. సర్క్యూట్ బొమ్మ కొగావా ఎప్పుడో అందరికీ ఇచ్చేశాడు. అసలు పని కాయిల్‌ది. ఎనామిల్ రాగితీగని పెన్ను చుట్టూ నాలుగు చుట్లు చుట్టి, పెన్ను లాగేయండి. ఎనామిల్ పూత కరెంటుని దాటనివ్వదు, అందుకే చివర్లలో దాన్ని శుభ్రంగా గీకాలి. నేను గీకకుండానే సోల్డర్ చేసి, రెండు రాత్రులు ట్రాన్సిస్టర్‌ని తిట్టుకున్నాను.

చుట్లు దూరంగా లాగితే ఫ్రీక్వెన్సీ పెరుగుతుంది, దగ్గరికి నొక్కితే తగ్గుతుంది. ట్రిమ్మర్‌ని ప్లాస్టిక్ పుల్లతోనే తిప్పండి. ఇనప స్క్రూడ్రైవర్ తాకితే స్టేషన్ ఎటో పోతుంది, చెయ్యి దగ్గరికి తెచ్చినా జరుగుతుంది. యాంటెన్నా అసలు పెట్టొద్దు, పెడితే హద్దు దాటేస్తారు. ఇంత తంటా వద్దనుకుంటే సిగ్నల్ ఆ హద్దులోనే ఉందని చెప్పే ఈఎల్‌పీ గుర్తున్న రెడీమేడ్ ట్రాన్స్‌మిటర్ కొనుక్కోండి.

వినడానికి రేడియో ఇక్కడిదే వాడండి. జపాన్ ఎఫ్‌ఎం 76 మెగాహెర్ట్జ్ దగ్గర మొదలవుతుంది. విజయవాడ నుంచి తెచ్చిన మా నాన్న రేడియో 87.5 కిందికి దిగదు, ఆయన గొంతే దాంట్లో వినిపించలేకపోయాను. అలాగని ఈ ట్రాన్స్‌మిటర్‌ని మాత్రం మన ఊరికి పట్టుకెళ్లి ఆన్ చేయకండి, అక్కడి చట్టం వేరు.

ఏం మాట్లాడాలని టెన్షన్ పడకండి. తలుపు తీసి పెట్టి, టీ పెట్టుకోండి. నా మొదటి ప్రసారానికి వచ్చింది ఒక్కరే, కింది ఫ్లాట్ పెద్దాయన. సౌండ్ తగ్గించమని చెప్పడానికి వచ్చి, మైకు చూసి చెప్పులు విడిచి లోపలికొచ్చాడు.