నీళ్లు ఎంత శుభ్రంగా ఉన్నాయో తెలుసుకోడానికి వానాకాలంలో గెడ్డలో (కొండవాగులో) పురుగుల నమూనా తీయబోతున్నారా?

వేసవిలో పాదం మునగని గెడ్డ, కొండ మీద గట్టి వాన పడితే కాసేపట్లోనే నడుము లోతు అవుతుంది. నాగావళి, వంశధారలైతే ఇక్కడ చినుకు లేకపోయినా ఒడిశా వానలకే పొంగుతాయి. కాబట్టి మన ఊరి వాతావరణం ఒక్కటే చూస్తే చాలదు. ఒడిశాలోని రాయగడ వైపు వానలున్నాయా, ఈ నదుల మీది తోటపల్లి, గొట్టా బ్యారేజీల నుంచి నీళ్లు వదులుతున్నారా అని కూడా ముందే కనుక్కోండి.

అసలు చిక్కు మనం నమూనా తీసే పద్ధతిలోనే ఉంది. ఒకరు దిగువన వల పట్టుకుంటే, ఇంకొకరు దాని ముందు రాళ్లను కాలితో కదుపుతారు. కొట్టుకొచ్చిన పురుగులు వలలో పడతాయి. ఇద్దరూ వంగే ఉంటారు, ఇద్దరి చూపూ నీళ్లలోనే. అందుకని మూడో మనిషి గట్టు మీద ఎగువ వైపు తిరిగి నిలబడాలి. ఫోన్ చూడకూడదు, పురుగులు ఏరడానికీ రాకూడదు (పురుగులు పోసిన తెల్ల ట్రే కనబడితే అందరికీ చుట్టూ మూగాలనే ఉంటుంది!). నీళ్లు మట్టిరంగుకు తిరిగినా, ఆకులూ పుల్లలూ ఒక్కసారిగా ఎక్కువైనా, హోరు పెరిగినా కేక వేయాలి. వల పోతే పోనీ, వెంటనే గట్టెక్కండి.

మోకాలు దాటే లోతుకు వెళ్లొద్దు. అడుగు కనబడకపోతే అసలు దిగొద్దు, ఇసుక తవ్విన గోతులు పైకి తెలియవు. గమ్‌బూట్లు పొలం గట్టుకు బాగుంటాయి గానీ, లోపలికి నీళ్లు చేరితే కాలు లేవదు. లేసులు బిగించే పాత బూట్లే నయం. ఉరుము వినిపిస్తే పని ఆపి పక్కా ఇంట్లోకో కారులోకో వెళ్లండి, చెట్టు కిందికి మాత్రం కాదు. పిడుగుల హెచ్చరికకు ఫోన్‌లో దామిని యాప్ పెట్టుకోండి.

పెద్ద నీటిపురుగుల్లో కొన్ని గట్టిగా కుడతాయి, చేత్తో కాకుండా స్పూనుతో ఏరండి. ఒంటి మీద పుండుంటే ఆ రోజు గట్టు పనే చూడండి, ఎలుక జ్వరం (లెప్టోస్పైరోసిస్) అలాంటి చోటునుంచి సులువుగా ఎక్కుతుంది. తర్వాత రెండు మూడు వారాల్లో జ్వరం వస్తే, గెడ్డలో దిగిన సంగతి, తుప్పల్లో తిరిగిన సంగతి డాక్టరుకు చెప్పండి. తుప్పల్లో ఉండే కంటికి ఆనని సన్న నల్లులు (మంచపు నల్లులు కావు) కుడితే స్క్రబ్ టైఫస్ అనే జ్వరం రావచ్చు.

ఫలితం విషయంలోనూ జాగ్రత్త కావాలి. శుభ్రమైన నీళ్లకు గుర్తుగా చూసే మేఫ్లై పిల్లపురుగులను వరద కూడా ఊడ్చుకుపోతుంది. అవి తగ్గాయని కాలుష్యం అనేయకుండా, కొన్ని వారాలు ఆగి మళ్లీ తీయండి. పురుగుల లెక్క రాసే ఫారంలో చివరి పెద్ద వాన తేదీ రాయండి. దిగలేని రోజున సున్నా వేయొద్దు, ‘ఉద్ధృతి వల్ల నమూనా తీయలేదు’ అని రాయండి.