ఆల్బమ్ ఏండ్ల తరబడి మోగాలంటే ఏం చేయాల

కడపలో ప్రైవేట్ ఆల్బమ్ చేసే పిల్లోళ్లూ, ముందు ట్యూన్ సంగతి సూడండప్పా, రెండోసారి వినేటప్పటికే పల్లవి నోటికి రావాల, శృతి మరీ పైకి పెడితే మామూలోళ్లు పాడలేక వదిలేస్తారు. మిక్సింగ్ అయినాక హెడ్‌ఫోన్స్ పక్కన పెట్టి ఏడురోడ్ల కాడ షేర్ ఆటోలో పెట్టించి వినండి, ఆ గోలలో బేసు మాటల్ని మింగేస్తాంటే మళ్లా చేయాల్సిందే, ఇంగో దారి లేదు.

పాటలన్నీ ఒకేరోజు వదలద్దు. మైకేల్ జాక్సన్ 1982లో తెచ్చిన థ్రిల్లర్‌లో ఉండేది 9 పాటలే, వాటిల్లో 7 సింగిల్స్‌గా ఒకదాని ఎనక ఒకటి వచ్చి, ఏడాదికి పైగా జనాల్ని వదల్లేదు. మనోళ్లేమో పండగరోజే అన్నీ అప్‌లోడ్ చేసి ఊరకుంటారు!

రీల్స్ ముక్క కోసం చరణాలు చెడగొట్టద్దు. పెండ్లి బ్యాండోళ్లకి ఓసారి వినిపించండి, క్లారినెట్ మీద పలికితే ఇంక రిలీజ్ చేసేయండి.