ఇంటి వాటర్ ఫిల్టర్ మన చేతుల్లో – 3వ పాఠం: స్పన్ మార్చడం, కార్బన్ కడగడం

పోయిన పాఠంలో చెప్పిన పని చేశారా? కుళాయి నీళ్ళ టీడీఎస్ (నీళ్ళలో కరిగి ఉన్న లవణాల లెక్క, చిన్న మీటరు చూపిస్తుంది), ఫిల్టర్ నీళ్ళ టీడీఎస్, రెండూ తేదీ వేసి ఫిల్టర్ పక్కన గోడకి అతికించమన్నాను. చెయ్యకపోతే ఇప్పుడే లేచి చేసి రండి. ఆ రెండంకెలు లేకపోతే ఈ రోజు పాఠం సగమే అర్థమవుతుంది.

మాది బెంగళూరు, మారతహళ్ళి దగ్గర అపార్ట్‌మెంటు. మా సంపులో కావేరి నీళ్ళు, బోరు నీళ్ళు కలుస్తాయి. ఎండలు ముదిరితే టాంకరు. అందుకే మా గోడ మీది కాగితంలో కుళాయి నీళ్ళ టీడీఎస్ ఒక వారం 180 ఉంటే ఇంకో వారం 640 ఉంటుంది. 2024 వేసవిలో ఊళ్ళో బోర్లు ఎండిపోయి అందరం టాంకర్ల కోసం ఎదురుచూసినప్పుడు, బయట బిగించిన తెల్లటి స్పన్ (మట్టిని ఆపే దూదిలాంటి గొట్టం) రెండు వారాలకే ఇటుక రంగుకి తిరిగింది. మళ్ళీ వానలు పడి కావేరి నీళ్ళు సరిగ్గా వచ్చాక అలాంటి స్పనే నాలుగు నెలలు నడిచింది. కాబట్టి "ఆరు నెలలకి అన్నీ మార్చెయ్యాలి మేడమ్" అని సర్వీసువాళ్ళు చెప్పే లెక్క నా దగ్గర చెల్లదు. ఏ నీళ్ళు వస్తున్నాయో చూసి మార్చాలి.

బోరు, టాంకరు నీళ్ళలో మట్టి, ఇసుక, తుప్పు ఎక్కువ. వాటి దెబ్బ ముందు స్పన్‌కే. అదే నీళ్ళలో కరిగి ఉన్న సున్నం మాత్రం స్పన్‌ని దాటుకుని వెళ్ళి మెంబ్రేన్ (కరిగినవాటిని కూడా వడకట్టే ఆర్వో పొర) మీద పేరుకుంటుంది. 5 మైక్రాన్ల స్పన్ కరిగినదాన్ని ఆపలేదు. కావేరి నీళ్ళ కథ వేరు. మండ్య జిల్లా తోరెకాడనహళ్ళిలో శుద్ధి చేసి, క్లోరిన్ కలిపి, దాదాపు వంద కిలోమీటర్లు పంపులతో ఎత్తిపోస్తే మన దాకా వస్తాయి. మట్టి తక్కువ, సున్నం తక్కువ, కానీ క్లోరిన్ ఉంటుంది. ఆర్వో మెంబ్రేన్ పైపొర పాలిఅమైడ్ అనే ప్లాస్టిక్. దానికి క్లోరిన్ పడదు, మెల్లగా తినేస్తుంది. మధ్యలో అడ్డు నిలబడేది కార్బన్ (క్లోరిన్‌ని పట్టే బొగ్గు గొట్టం) ఒక్కటే. స్పన్ మురికి కంటికి కనిపిస్తుంది కాబట్టి దాన్ని అందరూ మారుస్తారు. కార్బన్ అయిపోయినా బయటికి కొత్తదానిలాగే ఉంటుంది కాబట్టి ఎవరూ పట్టించుకోరు, చివరికి మెంబ్రేన్ కొనుక్కుంటారు.

ఒక పక్క మాట. మా అపార్ట్‌మెంటు మీటింగులో ఒకాయన మీటరు పట్టుకొచ్చి "సాఫ్ట్‌నర్ దండగ, టీడీఎస్ తగ్గలేదు" అని గొడవపెట్టాడు. నీళ్ళలో సున్నం తగ్గించే సాఫ్ట్‌నర్ కాల్షియం, మెగ్నీషియం తీసుకుని బదులుగా సోడియం ఇస్తుంది. టీడీఎస్ దాదాపు అంతే ఉంటుంది. బకెట్ల మీద తెల్ల మరకలు తగ్గాయా, సబ్బు నురగ వస్తోందా అని చూడాలి గానీ దానికి మీటరు పెట్టి లాభం లేదు.

ఇక పనిలోకి. ముందు ప్లగ్గు తీసెయ్యండి, తర్వాత ఫిల్టర్‌కి వచ్చే చిన్న వాల్వు కట్టండి. స్పన్ ఉండే జార్ కింద బకెట్ పెట్టండి. జార్ తలమీద ఎర్ర బటన్ ఉంటే నొక్కి ప్రెషర్ వదలండి, లేకపోతే జార్ తిప్పడానికి ప్రాణం మీదికొస్తుంది. ఫిల్టర్‌తో పాటు ఇచ్చిన ప్లాస్టిక్ స్పానర్‌తో విప్పి, పాత స్పన్ పారేసి, జార్ లోపల సబ్బుతో రుద్ది బాగా కడగండి. జార్ అంచులో నల్ల రబ్బరు రింగు ఉంటుంది. అసలు పాఠం దాని గురించే.

నేను మొదటిసారి విప్పినప్పుడు ఆ రింగు మూతకి అంటుకుని పక్కకి జరిగింది. చూసుకోకుండా బిగించేసి కూరగాయలకి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి మా అత్తయ్య చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, వంటింట్లో చీపురుతో నీళ్ళు తోస్తున్నారు. "నువ్వు ఇంజనీరువేనా అమ్మాయ్?" అన్నారు. ఆ మాట ఇప్పటికీ వినిపిస్తుంది. రింగు తీసి తుడిచి, గాడిలో సమంగా కూర్చోబెట్టి, కాస్త సిలికాన్ గ్రీజు రాయండి. కొబ్బరినూనె, వాజలీన్ వద్దు. వాజలీన్‌కి కొన్ని రకాల రబ్బరు ఉబ్బుతుంది. జార్ చేత్తో బిగించి, స్పానర్‌తో పావు తిప్పు చాలు. బలం చూపిస్తే జార్ చిట్లుతుంది.

కార్బన్ ఫిల్టర్ పెట్టె లోపల గొట్టంలా ఉంటుంది. పైపు దూర్చిన చోట చిన్న రింగుని వేలితో లోపలికి నొక్కి పట్టుకుని పైపు లాగితే వచ్చేస్తుంది. గొట్టం మీద బాణం గుర్తు ఉంటుంది, నీళ్ళు ఆ దిక్కుకే పోవాలి. పైపు కొస వంకరగా ఉంటే బ్లేడుతో నిటారుగా కోసి, ఆగేదాకా లోపలికి దూర్చండి.

ఇక్కడ చాలామంది తొందరపడతారు. కొత్త కార్బన్‌ని వెంటనే మెంబ్రేన్ వైపు కలపకండి. దాని బయటి కొసని బకెట్లో పెట్టి వాల్వు విప్పండి. ముందు కాటుకలా నల్లటి నీళ్ళు వస్తాయి. తేటగా వచ్చేదాకా వదిలి, అప్పుడు కలపండి. లేకపోతే ఆ పొడంతా మెంబ్రేన్ ముఖాన పడుతుంది. అన్నీ బిగించాక ప్రతి జాయింటు కింద టిష్యూ కాగితం పెట్టి గంట ఆగండి. తడిస్తే మళ్ళీ బిగించాలి. మొదటి ట్యాంకు నీళ్ళు తాగకండి, ఇల్లు తుడవండి.

ఇప్పుడు గోడ మీది అంకెలు. మాకు లోపలికి 640, మెంబ్రేన్ నుంచి వచ్చేది 58. తేడా 582. దాన్ని 640తో భాగించి వందతో గుణిస్తే 91 శాతం. అంటే మెంబ్రేన్ బాగుంది. 80 కిందికి జారితే అనుమానించాలి. ఈ కొలత మెంబ్రేన్ పైపు దగ్గరే పట్టాలి. ఫిల్టర్ కుళాయి దగ్గర పడితే, చాలా ఫిల్టర్లలో రుచి కోసం మామూలు నీళ్ళు కలిపే స్క్రూ ఉంటుంది కాబట్టి లెక్క తప్పుతుంది. ఇంకోటి, టీడీఎస్ తక్కువ ఉందని సూక్ష్మజీవులు లేవని కాదు. మీటరు వాటిని చూడలేదు.

180 వచ్చే ఇంట్లో ఆర్వో ఎందుకు అంటారా? తాగే నీళ్ళ టీడీఎస్‌కి బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) పెట్టిన మంచి హద్దు లీటరుకి 500 మిల్లీగ్రాములు. ఏడాదంతా కావేరి ఒక్కటే వచ్చే ఇంటికి యూవీ ఫిల్టర్ (కాంతితో సూక్ష్మజీవుల్ని చంపేది) చాలనే నా అభిప్రాయం. కానీ మా నాన్నది కనిగిరి వైపు. ఫ్లోరైడ్ నీళ్ళు తాగి పళ్ళు గారపట్టినవాళ్ళు, నడుం వంగినవాళ్ళు మా చుట్టాల్లోనే ఉన్నారు. ఫ్లోరైడ్‌ని యూవీ తీయదు, కాచినా పోదు, ఇంకా చిక్కబడుతుంది. బోరు నీళ్ళు తాగే ఇల్లయితే ల్యాబ్‌లో పరీక్ష చేయించకుండా ఆర్వో తీసెయ్యమని నేను చెప్పను.

వచ్చే పాఠానికి పని: ఫిల్టర్ నడుస్తున్నప్పుడు మంచినీళ్ళ పైపు ఒక గిన్నెలో, వృథా నీళ్ళ పైపు బకెట్లో పెట్టి, గడియారం చూసి పది నిమిషాలు పట్టండి. రెండూ కొలిచి అదే కాగితం మీద రాయండి. బకెట్ నీళ్ళు పారబొయ్యకండి, గిన్నెలు నానబెట్టుకోవచ్చు. టీడీఎస్ ఎక్కువుంటే మాత్రం తులసి మొక్కకి పొయ్యకండి.